దొర తిన్న పథ్యం

5 అక్టోబరు 2006, గురువారం

స్కూలు నుంచి తెచ్చుకున్న రికార్డు పుస్తకం ఒకటి పెట్టె అడుగున దొరికింది. ఒక పక్క బొమ్మకి తెల్ల కాగితం, ఇంకో పక్క గీతల కాగితం. ఇలాంటి పుస్తకాల్లోనే ఎనిమిదో తరగతి పిల్లల చేత ఉల్లిపొర కణాలు గీయిస్తాను. సైన్సు టీచర్ని గానీ నాకు బొమ్మలు రావు. ఆ సంగతి పిల్లలకి తెలీదు.

పిన్ని చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. గురువారం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఇల్లు నాది. పాప పడుకుంది. పుట్టి తొమ్మిది రోజులు. ఇంకా పేరు పెట్టలేదు. మా ఆయన క్రాంతి విశాఖపట్నం పోర్టులో క్రేను నడుపుతాడు, ఆదివారం తప్ప రాడు. పేరుకి తొందరేముంది అంటాడు.

మొదటి కానుపు పుట్టింట్లోనే జరగాలని మా అత్తగారు పంపించారు. అనకాపల్లిలో నా పుట్టిల్లంటే రెండు గదులు, వంటిల్లు, పిన్ని, పిల్లి. అమ్మ పోయి పద్దెనిమిదేళ్ళు. నాన్న పోయి రెండేళ్ళు. పిల్లి నాన్నది. తెల్లగా ఉంటుంది, కళ్ళు నీలం, ఎవరు పిలిచినా పలకదు. అందుకని నాన్న దానికి దొర అని పేరు పెట్టాడు. ఇప్పుడది నాన్న పడక్కుర్చీలో పడుకుని నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది.

పిన్ని పేరు అప్పాయమ్మ. అమ్మకి పినతల్లి కూతురు. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకి పథ్యం వండటానికి కోటవురట్ల నుంచి వచ్చింది. అమ్మ పోయిన ఏడాదికి నాన్నని చేసుకుంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వేళకి అన్నం పెట్టింది. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

ఈ పూట కాయం ఉండ పెట్టింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచి బెల్లం పాకంలో కట్టిన ఉండ. నాలుక చివర చేదు తగిలింది. చేదు దేనిదని అడిగితే, "కాయం సేదు కాక తియ్యగుంటాదేటే" అంది.

అమ్మకి పథ్యం వండింది కూడా ఈ చేతులే.

ఈ వాక్యం ఎందుకు రాశానో. కొట్టెయ్యాలనుకున్నాను. పెన్నుతో రాశాను కదా, ఉండనీ.

6 అక్టోబరు, శుక్రవారం

రాజయ్యపేట నుంచి చేపలావిడ సొరచేప తెచ్చింది. పిన్ని బేరం కూడా ఆడకుండా కొనేసింది. పిన్ని బేరం ఆడకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"పాలసొరే. ఇది తింటే గుంటకి పాలు పొంగుకొత్తాయి, సూడు" అంది పాపని చూపిస్తూ.

చేప ఉడకబెట్టి, తోలు తీసి, చేత్తో పొడిపొడిగా నలిపింది. నాలుగు ఉల్లిపాయలు, గుప్పెడు వెల్లుల్లి. సొరపుట్టు. వీధి చివరిదాకా వాసన. బాలింతకి వెల్లుల్లి ఎంత పెడితే అంత మంచిదట. కంచం నా ముందు పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ప్రార్థనే. కానీ ప్రార్థన పైకి చేస్తుంది కదా ఎప్పుడూ.

దొర వచ్చి నా మోకాలికి తల రాసింది. చిటికెడు తీసి కింద వేశాను.

పిన్ని వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏయ్! దానికెట్టకే! నీ కంచంలోది దొరకెట్టకు!"

"చేపే కదా పిన్నీ."

"దానికి పడదు. ఎట్టొద్దంటే ఎట్టొద్దు, అంతే."

దొర నాకేసిన చోట తడిగుడ్డతో తుడిచింది. రెండుసార్లు తుడిచింది. దొరకి వేరే గిన్నె, వేరే వంట. చేపతల నీళ్ళలో ఉడికించి అన్నంలో కలిపి పెడుతుంది.

నేను తినేది పిల్లి ఎందుకు తినకూడదు?

8 అక్టోబరు, ఆదివారం

క్రాంతి వచ్చాడు. పిన్ని కోడిని కోయించింది. క్రాంతి రెండుసార్లు వేయించుకున్నాడు. నా కంచంలోది ఒక ముద్ద తిని చూడమన్నాను. "బాలింత పథ్యం నేను తినడమేంటి, నవ్వుతారు" అన్నాడు.

నిజమే. ఇంట్లో పదిమంది ఉన్నా పథ్యం ఒక్కరే తింటారు. ఇంకెవరూ వేలు పెట్టరు. ఆ మాట అన్నం తింటుంటే తట్టింది, ఇక ముద్ద దిగలేదు.

చేదుగా ఉంటోందని చెప్పాను. ఒంట్లో బలం లేక అలా అనిపిస్తుంది అన్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి వింటోంది. సాయంత్రం అయిదింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

9 అక్టోబరు, సోమవారం

తమ్ముడు ఇరవయ్యో రోజున పోయాడు. అమ్మ ఆ తర్వాత వారానికి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాకు గుర్తున్నది ఒకటే. ఇదే గది. అమ్మ కంచాన్ని గోడకేసి తోసింది. స్టీలు కంచం గిరగిరా తిరిగి ఆగడానికి చాలాసేపు పట్టింది. పిన్ని అమ్మ మీదకి వంగి అరిచింది: "తిను! తినకపోతే సత్తావు!"

తినలేదు. చచ్చిపోయింది. లేకపోతే తిన్నది కాబట్టే చచ్చిపోయిందా. ఇన్నాళ్ళూ నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. వేళకి అన్నం దొరికితే పిల్లలు ప్రశ్నలు వేయరు.

పాపకి ఇవాళ పదమూడు రోజులు. అనుమానం వస్తే ఏడవకూడదు, ప్రయోగం చెయ్యాలి. క్లాసులో నేను చెప్పేది అదే. రేపటి నుంచి మొదలు.

10 అక్టోబరు

కాయం ఉండలో సగం దొరకి పెట్టాను. వాసన చూసింది. వెనక్కి జరిగి నా మొహంలోకి చూసింది. మళ్ళీ ముక్కు దగ్గరికి తోశాను. లేచి వెళ్ళిపోయింది.

పిల్లికే తెలిసింది.

11 అక్టోబరు, బుధవారం

పొద్దున్న పిన్ని ఇచ్చిన గ్లాసుడు పాలు దొరకి పోశాను. గిన్నె మెరిసేలా నాకింది. పదకొండింటికల్లా పెరట్లో మూడుచోట్ల విరోచనాలు. మధ్యాహ్నం ఇంకోసారి.

పిన్ని మట్టి వేసి ఎత్తుతూ, "దీనికేటొచ్చినాది? ఎవులింట్లో ఏటి తాగొచ్చినాదో" అంది. గొంతు ఎంత మామూలుగా ఉందో.

పిన్ని రోజూ చేస్తున్న సొరపుట్టు మాత్రం దొర వదలడం లేదు. కిటికీ కింద కూర్చుని ఉంటుంది. పిన్ని వంటింట్లోకి వెళ్ళగానే ముద్దలు ముద్దలుగా వేస్తాను, శబ్దం కాకుండా తింటుంది. పిన్ని వచ్చి ఖాళీ కంచం చూసి, "అదీ! సక్కగా తిన్నావు నా తల్లి" అని తల నిమిరింది. చేతికి వెల్లుల్లి వాసన.

నేను పెట్టెలో తెచ్చుకున్న బిస్కెట్లు తింటున్నాను. రోజుకి ఆరు.

12 అక్టోబరు, గురువారం

స్త్రీల కూటం. రెండు గంటలు వంటిల్లంతా వెతికాను. పోపుల డబ్బా, ఉప్పు జాడీ, బియ్యం డబ్బా అడుగుదాకా. రోలు వాసన చూశాను. బీరువాలో పిన్ని చీరలు, నాన్న కళ్ళజోడు, అమ్మ బైబిలు. అమ్మ బైబిలు పిన్ని దగ్గరెందుకుంది?

ఏమీ దొరకలేదు. అంటే జాగ్రత్తగా దాచింది.

మూడు రోజులు మానేశాను సరే, అంతకు ముందు వారమంతా నేనే తిన్నాను కదా. తల్లి తిన్నది పాలలోకి దిగుతుందని పుస్తకంలోనే ఉంది. ఇంత చిన్న విషయం నాకు ఇవాళ దాకా తట్టలేదంటే నన్ను టీచరని ఎవరన్నారు?

పాప ఏడుస్తోంది.

పాలు గ్లాసులోకి పిండి తూములో పోశాను. ఉగ్గుగిన్నెతో పంచదార నీళ్ళు పట్టాను. చప్పరించింది. పడుకుంది.

13 అక్టోబరు

పదిహేడు రోజులు. పంచదార నీళ్ళు ఏడుసార్లు.

15 అక్టోబరు, ఆదివారం

పాలడబ్బా తెమ్మని ఫోన్‌లో చెబితే క్రాంతి ఒక్కటి తెచ్చాడు. పిన్నికి కనపడకుండా ఇమ్మంటే నవ్వాడు. చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే పిన్నితో, "మీరు లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళం" అంటున్నాడు. ఇలాంటి మాట అన్నాక ఇంక మనిషి ఏం వింటాడు?

ఎండిపోయావు అన్నాడు నన్ను చూసి. పిన్ని వెంటనే, "కంచం నాకేసినట్టు తింటన్నాది బాబూ, ఒంటికి పట్టట్లేదు. నాకూ అదే బెంగ" అంది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. దేన్నో లెక్క చూసుకుంటున్నట్టు చూసింది.

డబ్బా మీద రాసిన కొలతలో సగమే వేస్తున్నాను. వచ్చే ఆదివారం దాకా రావాలి. ఇంకో డబ్బా పిన్ని చేత కొనిపించలేను కదా.

16 అక్టోబరు, సోమవారం

ఇరవై రోజులు. గది తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. పాప ఒళ్ళో ఉంది. పిన్ని నాలుగుసార్లు తలుపు కొట్టింది. "గుంటేదే? ఏడుపు వినిపించట్లేదు" అని. ఏడవకపోతే మంచిదే కదా. ఎందుకు ఏడుపు కావాలి ఆవిడకి?

దొర మూడు రోజులుగా పడక్కుర్చీ ఎక్కలేకపోతోంది. కాళ్ళు పైకెత్తుతుంది, ఆగుతుంది, కిందే పడుకుంటుంది. అయినా సొరపుట్టు తినడానికి మాత్రం పాక్కుంటూ వస్తోంది. పెట్టాలనిపించలేదు. పెట్టాను. ప్రయోగం మధ్యలో ఆపకూడదు.

17 అక్టోబరు

ఇరవై ఒకటి. ఉంది. నా పాప ఉంది. నేను కాపాడుకున్నాను.

18 అక్టోబరు, బుధవారం

పాపకి నీళ్ళు పోసే అప్పలకొండమ్మ ఇవాళ పాపని కాళ్ళ మీద వేసుకుని ఆగిపోయింది. నూనె గిన్నె పక్కన పెట్టింది.

"ఓలమ్మ, గుంటేటి ఇంత తేలికైపోనాది? పుట్టినప్పటి బరువు కూడా లేదు. పాలు తాగతన్నాదా తల్లీ?"

"తాగుతోంది."

"మాడు సూడు, గుంట పడిపోనాది. అప్పాయమ్మగోరూ, ఓపాలి ఇటు రండి."

పాపని లాక్కున్నాను. జలుబు చేసింది, వారం రోజులు నీళ్ళు పొయ్యక్కర్లేదు అని పంపేశాను. వాళ్ళిద్దరూ గుమ్మం బయట చాలాసేపు గుసగుసలాడారు. "పెద్దాసుపత్రికి" అన్న మాట ఒక్కటి వినపడింది. పాపని నా దగ్గర్నుంచి తీసుకుపోవాలని చూస్తున్నారు.

విషం పాపకి ఎక్కేసింది. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. అందుకే బరువు తగ్గింది.

సాయంత్రం దొర పెరటి గట్టు మీద ఉచ్చ పోసింది. ఎర్రగా ఉంది. కాఫీ డికాషన్ కాదు, ఎరుపు. గట్టు మీద గీతలా పారింది. నేను తెల్ల చేతిరుమాలు అద్ది, మడిచి, ఈ పుస్తకంలోనే బొమ్మ వెయ్యాల్సిన పక్క పెట్టాను.

సాక్ష్యం దొరికింది. రేపు గురువారం.

19 అక్టోబరు, గురువారం

రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పిన్ని కూటానికి వెళ్ళనంది. "నిన్నిలగ ఒగ్గీసి ఎలగెల్లను" అంది. నేనే బతిమాలి పంపాను. పాప కోసం ప్రార్థన చేయించు పిన్నీ, అన్నాను. ఆ మాటకి వెళ్ళింది. రెండు నలభైకి దొరని కూరల బుట్టలో పడుకోబెట్టాను. కదల్లేదు. పాపని శాలువలో చుట్టి భుజాన వేసుకున్నాను. ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి వెళ్ళాను.

పెద్దాయన, తెల్ల మీసాలు. బుట్ట చూసి, నన్ను చూసి, "ఇమ్మాన్యుయేల్ మాస్టారి అమ్మాయివి కాదూ?" అన్నారు.

అవునన్నాను. చేతిరుమాలు బల్ల మీద పరిచాను. "పిల్లికి విషం పెట్టారు. విషం అని కాగితం మీద రాసిస్తే పోలీసులకి ఇస్తాను."

ఆయన దొర పెదవి పైకెత్తారు. చిగుళ్ళు తెల్లకాగితంలా ఉన్నాయి. కంటి రెప్ప తీసి చూశారు.

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

"నా పథ్యం. నాకు పెట్టిందే."

"పథ్యమంటే? వెల్లుల్లి?"

"సొరపుట్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తాన్ని విరిచేస్తాయమ్మా. మనుషులకేం కాదు. దీనికి కొంచెం కొంచెంగా రోజూ పడితే ఇదిగో, ఇలాగే ఉచ్చలో పోతుంది. మీ నాన్నగారు దీనికంటే ముందు ఒక పిల్లిని తెచ్చేరు. సాయంత్రం పూట ఉల్లిపాయ పకోడీలు తింటూ దానికీ పెట్టీవారట. అది బతకలేదు. మాస్టారు ఈ బల్ల దగ్గరే కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడే చెప్పేను, ఇంకెప్పుడూ కంచంలోది పెట్టకండని. మీ పిన్నిగారు కూడా పక్కనే ఉన్నారే. ఆవిడ చెప్పలేదా?"

నీ కంచంలోది దొరకెట్టకు.

"కాయం మరి? కాయం ముట్టుకోలేదు! ఎందుకు ముట్టుకోలేదు?" గట్టిగా అరిచాననుకుంటాను. బయట గేదెని పట్టుకున్నాయన తొంగిచూశాడు.

"పిల్లి నాలుక్కి తీపి తెలీదమ్మా. బెల్లం దానికి మట్టితో సమానం."

"పాలు?"

"పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవు. విరోచనాలవుతాయి."

ఒక మొక్కని చీకట్లో పెడితే ఇంకోదాన్ని ఎండలో పెట్టాలి. అప్పుడే తేడా తెలుస్తుంది. ఎన్నిసార్లు చెప్పాను క్లాసులో. ఎవరైనా పిల్లవాడు లేచి, టీచర్, మీ రెండో కుండీ ఏది అని అడిగితే ఏం చెబుతాను? నాకు రెండో కుండీ లేదు. ఒక్క పిల్లి, ఒక్క కంచం, ముందే రాసి పెట్టుకున్న జవాబు.

పది రోజులు విషం పెట్టింది నేను. నా చేత్తో. శబ్దం కాకుండా.

డాక్టరుగారు దొర మీద గుడ్డ కప్పారు. తర్వాత నా భుజం వైపు చూశారు. చూస్తూనే ఉన్నారు.

"పిల్లి సంగతి తర్వాత. ఆ పాప ఏడ్చి ఎంతసేపైందమ్మా?"

20 అక్టోబరు

పాపకి సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు. మూడోసారికి తలలో దొరికింది.

21 అక్టోబరు, శనివారం

పిల్లల వార్డు. రాత్రీ పగలూ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఇది రాయడానికి పెన్ను నర్సునడిగి తీసుకున్నాను.

పాలు ఎప్పుడు మానిపించావని పెద్ద డాక్టరమ్మ అడిగింది. పన్నెండో తారీకు అన్నాను. ఎందుకు అంది. చెప్పాను. విన్నది అంతా రాసుకుంది, తల ఎత్తకుండా. తర్వాత క్రాంతిని బయటికి పిలిచి మాట్లాడింది. కానుపయ్యాక కొందరికి మనసు ఇలా అవుతుందట, మందులున్నాయట. రెండు మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలు కూడా తిప్పి తిప్పి చూసి వేసుకున్నాను.

 క్రాంతి పాప పక్కన కూర్చుని దాని కాలి వేలు పట్టుకుని ఉంటాడు. నేను లేస్తే తనూ లేస్తాడు. నేను పాప దగ్గరికి వెళ్తే దగ్గరికి వస్తాడు. వద్దనడు. దగ్గరికి వస్తాడు, అంతే.

దొర పోయింది. పశువుల ఆసుపత్రి నుంచి క్రాంతికి ఫోన్ వచ్చింది. పిన్ని వెళ్ళి తెచ్చుకుని పెరట్లో పాతిపెట్టిందట.

22 అక్టోబరు, ఆదివారం

పిన్ని మూడు రోజులుగా వార్డు బయట బల్ల మీద ఉంటోంది. దొర కోసం ఒకసారి వెళ్ళింది, రోజూ పొద్దున్న కాసేపు ఇంటికెళ్ళి వస్తుంది, అంతే. మొదటి రోజు నేనే ఆవిడ్ని లోపలికి రానివ్వద్దని నర్సుతో చెప్పాను. పశువుల డాక్టరు చెప్పిందంతా విన్నాక కూడా చెప్పాను. ఎందుకు? తెలిసింది కదా వెల్లుల్లి అని. తెలిసింది. తెలియడం వేరే, ఒళ్ళు జలదరించడం వేరే. ఆవిడ గొంతు వింటే ఇంకా స్టీలు కంచం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

తలుపు అద్దంలోంచి చూశాను. ఒళ్ళో అమ్మ బైబిలు.

23 అక్టోబరు

పాప ఏడ్చింది. పిల్లి కూన గొంతంత. వార్డులో అందరూ నా వైపు చూసి నవ్వారు. నేను కూర్చుని ఏడ్చాను.

డాక్టరమ్మ పాపని నా ఒళ్ళో పెట్టి రొమ్ముకి పట్టించింది. లాగింది. ఏమీ రాలేదు. "డబ్బాపాలు ఇంకెన్నాళ్ళు? మీరు సరిగ్గా తిండి తినాలి, అప్పుడే పాలు పడతాయి. ఏం తింటున్నారు?" అంది.

ఆసుపత్రి రొట్టె, టీ.

"మీ ఇంట్లో బాలింతలకి పెట్టేవి ఉంటాయి కదా. అవి తెప్పించుకోండి."

పాప బతకాలంటే నేను తినాలి. తినాలంటే ఒక్కటే వంటిల్లు.

24 అక్టోబరు, మంగళవారం

పొద్దున్న క్రాంతితో పిన్నిని పిలవమని చెప్పాను.

కేరేజీ పట్టుకుని వచ్చింది. అయిదు రోజులుగా రోజూ వండి తెస్తోందట, రోజూ వెనక్కి పట్టుకెళ్తోందట. పాప దగ్గర ఆగి, ముట్టుకోకుండా వంగి చూసింది. మంచం చివర కూర్చుంది. వయసు ఒక్కసారిగా మీద పడినట్టుంది.

ఎవరు చెప్పారో తెలీదు. నేను చెప్పలేదు. అయినా మొహం చూస్తే తెలుస్తోంది, ఆవిడకి అంతా తెలుసు.

"పిన్నీ" అన్నాను. 

"నువ్వేటీ సెప్పకు. నాను సెప్తాను, ఇను." కేరేజీ మూత మీద వేలితో రాస్తూ కూర్చుంది. "మీ అమ్మ కూడా ఇలగే. నా సేతి మెతుకు ముట్టీది కాదు. అందులో ఏదో కలిపేనని మీ నాన్నతో అనీది. దాని కళ్ళు కూడా నీ కళ్ళలాగే ఉండీవి. ఆ బాబుకి పాలివ్వలేదు. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు, నాకేటి తెల్సు. భయపెడితే తింటాదనుకున్నాను. తినకపోతే సత్తావని అరిసేను. అదే అరుపు ఇప్పటికీ నా సెవుల్లోనే ఉన్నాది."

కంచం గిరగిరా తిరిగింది. ఈసారి ఆగింది.

"నీ కంచం ఖాళీ అయితే తింటన్నావనుకున్నాను. దొరని సూసైనా తెల్సుకోలేకపోనాను. అరవకూడదు, ముందు నాను తినాల. మీ అమ్మప్పుడు ఆ బుద్ధి నాకు లేకపోయింది."

కేరేజీ విప్పి కంచంలో పెట్టింది. అన్నం. సొరపుట్టు. చెయ్యి కంచం మీద పెట్టి, ఈసారి పైకి వినపడేలా ప్రార్థన చేసింది. ఆకలి తీర్చు తండ్రీ, పసిబిడ్డకి పాలియ్యి. రెండే మాటలు. కంచంలో సరిగ్గా మధ్యలోంచి ఒక ముద్ద తీసి, నా కళ్ళలోకి చూస్తూ నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. నోరు తెరిచి చూపించింది, చిన్నపిల్లలు చూపించినట్టు.

నేను ఆవిడ కాళ్ళ మీద పడాలి. ఆ ముద్ద లాక్కుని తినాలి. ఇన్నేళ్ళు వేళకి పెట్టిన చేతులు అవి. అలా చేసి ఉంటే ఇక్కడ సంతోషంగా రాసుకునేదాన్ని.

చెయ్యి లేవలేదు. గోడ మీద గడియారంలో ఆవిడ మింగిన నిమిషం చూసుకున్నాను. పిన్ని అది గమనించింది. కంచం కింద పెట్టింది. కోపం రాలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. మంచం చివర నుంచి నా పక్కకి జరిగి, తనూ గడియారం వైపే తిరిగి కూర్చుంది.

అలా ఇద్దరం ముళ్ళు చూస్తూ కూర్చున్నాం. క్రాంతి ఏదో అనబోతే పిన్ని చెయ్యెత్తి ఆపింది. పాప ఒకసారి మూలిగి మళ్ళీ పడుకుంది.

పదిహేను నిమిషాలకి నేను మొదటి ముద్ద తిన్నాను. చల్లారిపోయింది. చేదు లేదు.

సాయంత్రం కూడా తెస్తానంది. సాయంత్రం పది నిమిషాలే ఆగుతాను.